కట్టీ సార్క్ ఓడకు ప్రైమరీ క్లాసును తీసుకెళ్ళడం: బుకింగ్ నుంచి చివరి తలల లెక్క దాకా

లండన్‌ గ్రీనిచ్‌లో, థేమ్స్ ఒడ్డున ఉన్న కట్టీ సార్క్ తెరచాప ఓడకు పిల్లలను ఎలా తీసుకెళ్ళాలని చాలామంది అడుగుతున్నారు. అక్కడి బడుల్లో టీచర్లుగా, టీచింగ్ అసిస్టెంట్లుగా పనిచేసే తెలుగువాళ్ళు, క్లాసుకు తోడుగా వెళ్ళే తల్లిదండ్రులు, వారాంతపు తెలుగు బడులు నడిపేవాళ్ళు అందరూ వాడుకునేలా దీన్ని రాశాం. లెక్కలన్నీ ఇయర్ 3, ఇయర్ 4 (ఏడు నుంచి తొమ్మిదేళ్ళ) వయసు పిల్లలు 30 మంది ఉన్నారనుకుని వేసినవి.

పిల్లలు ఓడలో ఉండేది గంటన్నర. అంత సేపట్లో అన్నీ చూపించాలనుకుంటే వాళ్ళకు ఏదీ గుర్తుండదు. ఒక్కో అంతస్తుకు ఒక్క ప్రశ్న, ఒక్క పని పెట్టండి. కింద రాసిన ఏర్పాట్లన్నీ ఆ పద్ధతి మీదే నడుస్తాయి.

## 1. తేదీ, బుకింగ్: ఎనిమిది వారాల ముందు

గుంపుగా వెళ్తున్నప్పుడు టికెట్ కౌంటర్ దగ్గర చూసుకుందాంలే అనుకోవద్దు. ఈ ఓడ రాయల్ మ్యూజియమ్స్ గ్రీనిచ్ నిర్వహణలో ఉంది, బడుల బుకింగ్ వాళ్ళ దగ్గరే చెయ్యాలి. బుక్ చేసేటప్పుడే ఈ అయిదూ అడిగి, జవాబులు ఈమెయిల్‌లో రాయించుకోండి.

- లోపలికి వెళ్ళాల్సిన కచ్చితమైన సమయం
- గుంపు సొంతంగా చూసుకోవడమా, మ్యూజియం వాళ్ళు నడిపే తరగతి కూడా ఉంటుందా, ఒక్కోదానికి ఎంత
- కూర్చుని భోజనం చెయ్యడానికి చోటు ఉందా, ఏ సమయానికి ఇస్తారు
- కోట్లు, సంచులు పెట్టుకునే చోటు
- చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, పెద్ద శబ్దాలకు బెదిరే పిల్లల కోసం ఏ ఏర్పాట్లున్నాయి

జూన్, జులై నెలల్లో బడులన్నీ ఒకేసారి బయల్దేరతాయి. వీలుంటే అక్టోబర్ మొదట్లోనో మార్చిలోనో వెళ్ళండి. పై డెక్ ఆరుబయటే కాబట్టి చలికోట్లు తప్పవు, కానీ ఒక్కో వస్తువు ముందు పిల్లలు నిలబడి చూసే వీలుంటుంది.

వారాంతపు తెలుగు బడులకు ఒక మాట. శని, ఆదివారాల్లో మిమ్మల్ని బడి గుంపుగా లెక్కిస్తారా, మామూలు సందర్శకులుగానా అన్నది ముందే అడగండి. ధర, ప్రవేశ సమయం దాన్నిబట్టే మారతాయి.

## 2. కాగితాలు, డబ్బు

మీ బడిలో విహారయాత్రలు చూసే కోఆర్డినేటర్‌ ఉంటే మొదటి వారంలోనే ఫారం ఇచ్చెయ్యండి. రిస్క్ అసెస్‌మెంట్‌లో (ప్రమాదాల అంచనా కాగితంలో) "జాగ్రత్తగా ఉండాలి" అని రాసి వదిలేస్తే ఉపయోగం లేదు. ఎక్కడ, ఏం జరగవచ్చు, అక్కడ ఎవరు నిలబడతారు అన్న మూడూ ఉండాలి. ఈ ఓడకు సంబంధించి తప్పకుండా రాయాల్సినవి:

- వానకు తడిసి జారే చెక్క డెక్
- అంతస్తుల మధ్య మెట్లు
- గదుల గుమ్మాల దగ్గర ఎత్తైన గడపలు, పెద్దవాళ్ళ తలకు తగిలే దూలాలు
- అడుగు అంతస్తులో మసక వెలుతురు
- ఓడ బయట విశాలమైన మైదానం, పక్కనే నది గట్టు
- అక్కడే గుండ్రని గుమ్మటంలా కనిపించే గ్రీనిచ్ కాలినడక సొరంగం ముఖద్వారం (పిల్లలు దాన్ని చూడగానే పరిగెత్తాలనుకుంటారు)

ఇంగ్లండ్ ప్రభుత్వ బడుల్లో, బడి వేళల్లో జరిగే యాత్రకు ఫీజు కట్టి తీరాలని అడగకూడదు. స్వచ్ఛందంగా ఇమ్మని అడగవచ్చు. ఇవ్వలేదన్న కారణంతో ఏ పిల్లనూ ఆపకూడదు. ఉత్తరంలో ఈ మాట స్పష్టంగా రాయండి. కొత్తగా వచ్చిన మన కుటుంబాలు చాలావరకు ఇది తప్పనిసరి ఫీజే అనుకుంటాయి, కట్టలేకపోతే పిల్లను ఆ రోజు ఇంట్లోనే ఉంచేస్తాయి.

వారాంతపు బడి అయితే ప్రభుత్వ బడికి ఉండే రక్షణ మీకు ఉండదు. సొంత ఇన్సూరెన్స్ బయటి యాత్రలకు వర్తిస్తుందో లేదో చూసుకోండి, ప్రతి పిల్లకూ తల్లిదండ్రుల సంతకం తీసుకోండి, పిల్లల భద్రత బాధ్యతను ఒక్క మనిషికి పేరుపెట్టి అప్పగించండి.

## 3. ముందు మీరు వెళ్ళి చూసి రండి

ఇది ఎగ్గొడితే ఆ రోజు మీరూ పిల్లలతో పాటే దారి వెతుక్కుంటారు. గుంపును నడిపించబోయే టీచర్ రెండు వారాల ముందు ఒకసారి వెళ్ళాలి. చూసి రాసుకోవాల్సినవి: స్టేషన్ నుంచి ఓడ దాకా ఎన్ని రోడ్లు దాటాలి, ఆరుగురు పిల్లలు దారికి అడ్డం లేకుండా నిలబడగల చోట్లు ప్రతి అంతస్తులో ఎక్కడున్నాయి, లిఫ్ట్ ఎక్కడ, టాయిలెట్లు ఎక్కడ, వాన వస్తే ఎక్కడ ఆగాలి.

బయట మైదానంలో ఓడ ముక్కు కింద నిలబడి ఒక ఫోటో తీసుకోండి. తప్పిపోయినవాళ్ళు కలుసుకునే చోటు అదే. ఆ ఫోటోను సహాయకులందరికీ ముందురోజే పంపండి.

## 4. పిల్లలను వాచ్‌లుగా విడగొట్టడం

ప్రైమరీ పిల్లలకు ఇంతమందికి ఇంతమంది పెద్దలు అని చట్టం ఒకే అంకె పెట్టలేదు. చిన్న తరగతులకు ఆరుగురికి ఒకరు, పెద్ద తరగతులకు పది నుంచి పదిహేను మందికి ఒకరు అన్నది చాలాకాలంగా బడులు పాటిస్తున్న లెక్క. ఈ ఓడకు మాత్రం ఏ తరగతి అయినా ఆరుగురికి ఒకరినే పెట్టండి. గదులు ఇరుకు. ఒక కిటికీ ముందు ఆరుగురు నిలబడగలరు, పదిమంది నిలబడలేరు. వెనక నలుగురికి ఏమీ కనపడకపోతే అల్లరి అక్కడే మొదలవుతుంది.

అంటే 30 మందికి అయిదు జట్లు, అయిదుగురు పెద్దలు. వీళ్ళు కాక ఏ జట్టూ లేని ఇద్దరు ఉండాలి: ఒకరు మొత్తం నడిపించే టీచర్, ఇంకొకరు మందుల సంచి పట్టుకుని టాయిలెట్‌కు తీసుకెళ్ళే మనిషి. మొత్తం ఏడుగురు. ఈ ఏడో మనిషి వద్దనుకునే బళ్ళు చాలా ఉన్నాయి. ఒక పిల్లకు వాంతి అయిందంటే ఆ జట్టులో మిగిలిన అయిదుగురిని చూసేవాళ్ళే ఉండరు.

జట్టును "వాచ్" అనండి. తెరచాప ఓడలో నావికులను వాచ్‌లుగా విడగొట్టి వంతులవారీగా పని చేయించేవారు, ఒక్కో వంతు మామూలుగా నాలుగు గంటలు. సాయంత్రం 4 నుంచి 8 వరకు ఉన్న వంతును మాత్రం రెండు గంటల చొప్పున రెండుగా చీల్చేవారు, రోజూ ఒకే జట్టుకు ఒకే వేళ పడకుండా. పిల్లలకు ఇది చెబితే జట్టు దాటి వెళ్ళకూడదన్న నియమం మీరు పెట్టిందిగా కాక ఓడ నియమంగా తోస్తుంది.

ప్రతి వాచ్‌లో ఆరు ఉద్యోగాలు. అంతస్తు మారినప్పుడల్లా ఉద్యోగాలూ మారాలి.

- సరంగు: వరస ముందు నడుస్తారు
- తలలు లెక్కపెట్టేవారు: ప్రతి గుమ్మం దగ్గర ఆరు దాకా పైకి లెక్కపెడతారు
- లాగ్ (ఓడలో చూసింది, కొలిచింది రాసుకునే కాగితం) రాసేవారు: పెన్సిల్, అట్ట వీళ్ళ దగ్గర
- కొలిచేవారు: అడుగులతో, జానలతో
- బొమ్మ గీసేవారు
- ప్రశ్న అడిగేవారు: సిబ్బందిని అడగాల్సింది వీళ్ళే

తల్లీతండ్రీ సహాయకులుగా వస్తే వాళ్ళ సొంత పిల్ల ఉన్న వాచ్ వాళ్ళకు ఇవ్వొద్దు. మిగతా అయిదుగురి మీద కన్ను ఉండదు, పిల్ల కూడా చెయ్యి వదలదు.

## 5. తరగతిలో మూడు పాఠాలు

బయల్దేరే ముందు రెండు వారాల్లో మూడు పాఠాలు, ఒక్కోటి 40 నిమిషాలు. యాత్ర నిలబడేది వీటి మీదే. ముందేమీ తెలియకుండా ఓడెక్కిన పిల్లలకు అది పెద్ద చెక్క ఇల్లులా కనిపిస్తుంది.

పాఠం 1: ఓడను నేలమీద గీయడం. కట్టీ సార్క్ ఓడ శరీరం పొడవు దాదాపు 65 మీటర్లు, వెడల్పు 11 మీటర్లు, ప్రధాన స్తంభం ఎత్తు 46 మీటర్లు. ఆటస్థలం పెద్దదైతే అసలు కొలతతోనే తాడు పరచండి. చోటు చాలకపోతే పదో వంతు: 6.5 మీటర్లు, 1.1 మీటర్లు. స్తంభాన్ని కూడా అదే వంతులో, 4.6 మీటర్లు, పక్కనే నేలమీద పడుకోబెట్టి గీయండి. ఓడ వెడల్పుకు నాలుగు రెట్లకు పైగా స్తంభం ఉందని అప్పుడు వాళ్ళే పట్టుకుంటారు. "గాలికి పడిపోదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు చెప్పెయ్యకండి. ఆ ప్రశ్న కాగితం మీద రాసి ఓడ మీదికి తీసుకెళ్ళండి, అక్కడ రెండు పక్కలా స్తంభాన్ని బిగించి పట్టిన మోకులు వాళ్ళే చూస్తారు. ఈ ఓడకు వాడిన తాళ్ళన్నీ కలిపితే దాదాపు 18 కిలోమీటర్లు.

పాఠం 2: వేగం కొలవడం. తాడు, గడియారం ఉంటే చాలు. 60 మీటర్ల సన్నటి తాడు తీసుకుని, ప్రతి 14.4 మీటర్లకు ఒక ముడి వెయ్యండి, ముడి దగ్గర రంగు గుడ్డ కట్టండి. ఒక పిల్ల తాడు కొస పట్టుకుని నడుస్తుంది, ఇంకొకరు తాడు వదులుతారు, మూడోవారు 28 సెకన్లు లెక్కపెడతారు. ఎన్ని ముడులు చేయి దాటితే అన్ని నాట్లు (ఓడ వేగాన్ని చెప్పే కొలత). మామూలు నడకకు రెండు, రెండున్నర ముడులు వెళ్తాయి. కట్టీ సార్క్ అత్యధిక వేగం 17.5 నాట్లు, అంటే గంటకు 32 కిలోమీటర్ల పైన, అదీ ఒక్క గాలితో.

ఇక్కడ జరిగే పొరపాటు: తాడు చుట్టగా పెట్టి లాగితే చిక్కుపడి లెక్క తప్పుతుంది. నేలమీద ముందే పాములా మెలికలుగా పరిచి ఉంచండి. జారిపోయే నైలాన్ తాడు కంటే నూలు తాడు మేలు, చేతులు కోసుకోవు.

పాఠం 3: సరుకు. 1869లో స్కాట్లండ్‌లోని డంబార్టన్‌లో ఈ ఓడను కట్టింది చైనా నుంచి టీ ఆకు వేగంగా తేవడానికి. మన ఇళ్ళలో పిల్లలు టీ అనగానే అస్సాం, డార్జిలింగ్ అంటారు. పెద్దవాళ్ళూ అదే చెప్పి పంపుతారు. కాదు, ఈ ఓడ టీ చైనాది. 1870 నుంచి ఎనిమిది సార్లు టీ తెచ్చింది. ఓడ నీళ్ళలోకి దిగడానికి కొద్ది రోజుల ముందే సూయజ్ కాలువ తెరుచుకుంది. ఆవిరి ఓడలు దగ్గర దారిన వచ్చెయ్యడంతో తెరచాప ఓడలకు టీ సరుకు దొరకడం కష్టమైంది. తర్వాత ఆస్ట్రేలియా నుంచి ఉన్ని తెచ్చింది, ఈ ఓడకు బాగా పేరొచ్చింది ఆ ప్రయాణాలతోనే.

ఈ రెండింటి మధ్య దొరికిన సరుకల్లా మోసిన కొన్నేళ్ళున్నాయి. మన పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి అక్కడ ఉంది. 1882-83 ప్రయాణంలో ఈ ఓడ మద్రాసు, భీమునిపట్నం, కాకినాడ రేవుల్లో ఆగి లండన్‌కు సరుకు ఎత్తుకుంది. అందులో బెల్లం ఉంది, కరక్కాయలు ఉన్నాయి. కరక్కాయను తోళ్ళు పదును చెయ్యడానికి వాడతారు, ఇంగ్లండ్ తోళ్ళ కార్ఖానాలకు అది కావాలి. పాఠానికి ఒక బెల్లం అచ్చు, నాలుగైదు ఎండు కరక్కాయలు, గుప్పెడు టీ ఆకు, కొంచెం ఉన్ని తెచ్చి నాలుగు గుడ్డ సంచుల్లో పెట్టండి. కళ్ళు మూసుకుని ముట్టుకుని, వాసన చూసి చెప్పాలి. తినడానికి ఇవ్వకండి, అలర్జీల జాబితా చూశాకే సంచులు తెరవండి.

ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు కాకినాడ, భీమిలి వైపు వాళ్ళయితే రేవు గురించి ఒక ప్రశ్న ఫోన్‌లో అడిగి రమ్మని ఇంటిపని ఇవ్వండి.

## 6. ప్రయాణం

లండన్ బడులకు రవాణా సంస్థ టీఎఫ్ఎల్ ఇచ్చే బడి గుంపుల ఉచిత ప్రయాణ పథకం ఉంది. రద్దీ వేళలు తప్పించి వెళ్ళాలి, ముందే దరఖాస్తు చెయ్యాలి. ఆ పథకం వర్తించని గుంపులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: డీఎల్ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే) రైల్లో 11 ఏళ్ళ లోపు పిల్లలు ఉచితం, కానీ టికెట్ ఉన్న ఒక్కో పెద్దకు నలుగురు పిల్లల వరకే. 30 మందికి ఎనిమిది మంది పెద్దలు కావాలి. పైన చెప్పిన ఏడుగురు చాలరు.

ఓడకు అతి దగ్గర స్టేషన్ పేరు కూడా కట్టీ సార్కే. దాని ప్లాట్‌ఫామ్ రైలు కంటే పొట్టిది, అందుకని రైలు రెండు కొసల తలుపులు అక్కడ తెరుచుకోవు. వరస చివరన రైలెక్కిన వాచ్ లోపలే ఉండిపోయే ప్రమాదం ఇక్కడుంది. అందరూ మధ్య భాగంలోనే ఎక్కాలి. ఎస్కలేటర్ పనుల కోసం ఆ స్టేషన్‌ను నెలల తరబడి మూసిన సందర్భం కూడా ఉంది, కాబట్టి వారం ముందు, మళ్ళీ ముందురోజు సాయంత్రం చూసుకోండి. మూసి ఉంటే గ్రీనిచ్ స్టేషన్‌లో దిగి పిల్లల నడకతో పావుగంట.

కోచ్‌లో వెళ్తే దింపే చోటు, ఎక్కించుకునే చోటు రెండూ డ్రైవర్‌తో రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి. ఓడ చుట్టూ నడిచేవాళ్ళ మైదానమే, బస్సు పక్కదాకా రాదు.

## 7. సంచుల్లో ఏముండాలి

పిల్లల దగ్గర:

- నడుం దాకా వచ్చే వానకోటు (గొడుగు వద్దు: డెక్ మీద గాలికి తిరగబడుతుంది, పక్కవాళ్ళ కళ్ళలో పొడుచుకుంటుంది)
- రబ్బరు అడుగున్న మూసిన బూట్లు
- బడి పేరు, బడి ఫోన్ నంబర్ ఉన్న చేతిపట్టీ (పిల్ల పేరు పైకి కనిపించకూడదు)
- నీళ్ళ సీసా

ప్రతి వాచ్ పెద్ద దగ్గర:

- ఆరుగురి పేర్ల కాగితం, అలర్జీలతో సహా
- అట్టకు బిగించిన ప్రశ్నల కాగితం, దారంతో కట్టిన రెండు పెన్సిళ్ళు (పెన్నులు వద్దు)
- ఓడ ముక్కు దగ్గర తీసిన కలుసుకునే చోటు ఫోటో
- నడిపించే టీచర్ నంబర్, ఫోన్ నిండా చార్జింగ్

మందుల సంచిలో:

- ఇన్‌హేలర్లు, ఎపిపెన్‌లు (తీవ్రమైన అలర్జీకి వేసే సూదిమందు), ఒక్కోదాని మీద పిల్ల పేరు, ఎప్పుడు ఎలా వాడాలో కాగితం
- ప్రథమ చికిత్స డబ్బా, వాంతి సంచులు, తడి తుడుపులు, ఒక జత బట్టలు

ఇన్‌హేలర్ వాడే పిల్ల ఏ వాచ్‌లో ఉంటే మందుల సంచి మనిషి ఆ వాచ్‌కు దగ్గరగానే నడవాలి. వేరే అంతస్తులో ఉంటే మెట్లెక్కి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

## 8. ఓడ మీద గంటన్నర

ఈ ఓడను కింది నుంచి పైకి, మళ్ళీ అడుగుకు చూడాలి. దారి కూడా అలాగే సాగుతుంది. సరుకు, మనుషులు, గాలి, చివర్లో ఓడ శరీరం. ఈ క్రమం తిరగేస్తే కథ తెగిపోతుంది.

అయిదు వాచ్‌లనూ అయిదు నిమిషాల తేడాతో లోపలికి పంపండి. బయట ఎదురుచూసే వాచ్‌లు మైదానంలో నిలబడి మూడు స్తంభాలు, వాటి అడ్డకొయ్యలు లెక్కపెడతాయి.

అడుగు అంతస్తు (15 నిమిషాలు). ప్రశ్న: ఇక్కడ ఎంత పడుతుంది? టీ పెట్టెల దగ్గర ఆగండి. మొదటి ప్రయాణంలో ఈ ఓడ తెచ్చిన టీ 13 లక్షల పౌండ్లు దాటింది, మన లెక్కలో దాదాపు 590 టన్నులు. అంకె పిల్లలకు అర్థం కాదు. కొలిచేవారు ఒక పెట్టెను జానలతో కొలవాలి, వాళ్ళ ఇంట్లో ఏ వస్తువంత ఉందో లాగ్‌లో రాయాలి. వెలుతురు తక్కువ కాబట్టి లోపలికి రాగానే అర నిమిషం కదలకుండా నిలబెట్టండి, కళ్ళు అలవాటు పడతాయి. ఇనుప పక్కటెముకల్లాంటి చట్రం, దానిమీద బిగించిన చెక్క రెండూ కనిపిస్తాయి. చట్రం అంతా ఇనుము, పైపలకలు మాత్రమే చెక్క అన్న సంగతి వాళ్ళతోనే చెప్పించండి.

నడిమి డెక్ (20 నిమిషాలు). ప్రశ్న: టీ పోయాక ఓడ ఏం చేసింది? ఇక్కడ తాకి ఆడుకునే ప్రదర్శనలుంటాయి, పిల్లలు వాటికే అతుక్కుపోతారు. ఆపకండి, కానీ మొదట పది నిమిషాలు లాగ్, తర్వాత పది నిమిషాలు ఆట అని ముందే చెప్పండి. ఆట ముందు పెడితే లాగ్ జరగదు. ఉన్ని కాలంలో కెప్టెన్‌గా ఉన్న రిచర్డ్ వుడ్జెట్ ఖాళీగా ఉన్న ఈ అంతస్తులోనే సైకిల్ తొక్కడం నేర్చుకున్నారని చెబితే చాలు, చోటు ఎంత ఉందో పిల్లలు వెంటనే అడుగులతో కొలవడం మొదలుపెడతారు. ఆయన కెప్టెన్ అయ్యాక మొదటిసారి సిడ్నీ నుంచి ఇంగ్లండ్‌కు 73 రోజుల్లో వచ్చారు.

పై డెక్ (30 నిమిషాలు). ప్రశ్న: ఇంతమంది ఎక్కడ పడుకున్నారు, ఎక్కడ తిన్నారు? ఎక్కువ సేపు ఇక్కడే ఇవ్వండి. మెట్ల పైన ఒక పెద్ద, కింద ఒక పెద్ద నిలబడ్డాకే పిల్లలు ఎక్కాలి, ఒక చెయ్యి కమ్మీ మీద ఉండాలి, అట్టలు పెద్దవాళ్ళు పట్టుకోవాలి.

పైన నాలుగు చోట్లు చాలు. నావికుల గది: పడక పొడవును ఒక పిల్ల ఎత్తుతో పోల్చడం. వంటగది: దాదాపు పాతికమందికి అంత చిన్న గదిలో వండారని గమనించడం. కెప్టెన్ గది: చెక్క నగిషీని నావికుల గది చెక్కతో పోల్చడం. చివరగా చుక్కాని చక్రం. 1872లో థెర్మోపిలే అనే ఇంకో టీ ఓడతో పోటీగా వస్తూ, హిందూ మహాసముద్రంలో తుఫానుకు ఈ ఓడ చుక్కాని కొట్టుకుపోయింది. ఊగే డెక్ మీదే కొత్త చుక్కాని చేసి బిగించుకుని ఇల్లు చేరారు, పోటీలో వారం రోజులు వెనకబడినా. ఈ కథను చక్రం దగ్గరే చెప్పండి, తరగతిలో ముందే చెప్పి రుచి పోగొట్టకండి.

తర్వాత తలెత్తి చూడమనండి, పాఠం 1లో రాసిపెట్టుకున్న ప్రశ్న తియ్యండి. స్తంభం ఎందుకు పడదో మోకులు చూపిస్తూ పిల్లలే చెప్పాలి. తలెత్తినప్పుడు వెనక్కి నడుస్తారు, తాడు చుట్టలకు తట్టుకుంటారు. "ఆగి చూడు, చూసి నడు" అన్న మాట అలవాటు చెయ్యండి.

ఓడ కింద (25 నిమిషాలు). ప్రశ్న: నీళ్ళలో ఓడను ఏం తింటుంది? 2007 మే 21న మరమ్మతుల మధ్యలో ఓడకు నిప్పంటుకుంది. స్తంభాలు, పలకల్లో చాలా భాగం అప్పటికే విప్పి వేరేచోట భద్రపరిచి ఉండటంతో దక్కాయి. 2012లో మళ్ళీ తెరిచినప్పుడు ఓడను మూడు మీటర్లు పైకెత్తి నిలబెట్టారు, అందుకే దాని కిందుగా నడవగలుగుతున్నాం. తలపైన బంగారు రంగులో మెరిసే రేకులను పిల్లలు బంగారమంటారు, పెద్దలు రాగి అంటారు. అది రాగి, జింకు కలిపిన మంట్జ్ లోహం. చెక్కను తొలిచే సముద్రపు పురుగులనూ, అంటుకుని వేగం తగ్గించే నత్తగుల్లలనూ దూరంగా ఉంచడానికి వేసింది.

అక్కడే ఒక కొసన పాత ఓడల ముక్కు బొమ్మలు వరసగా ఉంటాయి. ఈ ఓడ బొమ్మ నానీ, స్కాట్లండ్ కవితలోని మంత్రగత్తె. చేతిలో ఉన్నది, గుర్రం మీద పారిపోతున్నవాణ్ణి తరుముతూ ఊడబెరికిన ఆ గుర్రం తోక. బొమ్మ గీసే పని ఇక్కడ వాచ్‌లో అందరిదీ. నడిచి అలిసిన పిల్లలు ఇక్కడ కూర్చోవాలనే అనుకుంటారు, కూర్చోనివ్వండి.

గంట కొట్టే అలవాటు పెడితే సమయం మీద గొడవ ఉండదు. ఓడ లెక్కలో పదిన్నరకు గంట అయిదుసార్లు కొడతారు, పదకొండుకు ఆరుసార్లు, పదకొండున్నరకు ఏడు, పన్నెండుకు ఎనిమిది. నిజం గంట తేవొద్దు, మిగతా సందర్శకులకు ఇబ్బంది. వాచ్ పెద్ద మెల్లగా చప్పట్లు కొడితే సరిపోతుంది.

## 9. టాయిలెట్, భోజనం

డెక్‌ల మీద టాయిలెట్ దొరకదన్న లెక్కతోనే ప్రణాళిక వెయ్యండి. లోపలికి వెళ్ళే ముందు అందరూ, ఓడ కింద అంతస్తుకు దిగాక మళ్ళీ అందరూ. 30 మందికి పావుగంట పడుతుంది, ఆ పావుగంట సమయపట్టికలో రాసి ఉండాలి. పిల్లలను ఇద్దరిద్దరిగా పంపండి, పెద్ద బయట గుమ్మం దగ్గర నిలబడాలి.

ఉచిత భోజనం హక్కున్న పిల్లలకు యాత్ర రోజున కూడా బడే భోజనం ఇవ్వాలి. వారం ముందే వంటగదికి సంఖ్య చెప్పండి: శాకాహారం ఎన్ని, గుడ్డు కూడా తిననివాళ్ళు ఎందరు, హలాల్ ఎన్ని. మన ఇళ్ళ నుంచి వచ్చే డబ్బాలకు సలహా: పులిహోర చల్లారినా బాగుంటుంది, కానీ అందులో వేరుశనగ పలుకులు వద్దని తప్పక చెప్పండి. చాలా బడుల్లో గింజలు నిషేధం.

లోపల చోటు దొరక్కపోతే దగ్గర్లోని గ్రీనిచ్ పార్క్ ఉంది. ఓడ ముందు మైదానంలో మాత్రం వద్దు, నది గాలికి సంచులు, కాగితాలు ఎగిరిపోతాయి.

## 10. తరచుగా జరిగే పొరపాట్లు, సరిచేసుకునే దారి

ప్రశ్నల కాగితం మరీ పెద్దది. ఇరవై ప్రశ్నలిస్తే పిల్లలు గోడ మీది అక్షరాలు ఎక్కించుకోవడంలోనే ఉంటారు, ఓడను చూడరు. నాలుగు అంతస్తులు, నాలుగు ప్రశ్నలు. కాగితం నింపకుండా వచ్చిన జట్టు చేత నోటితో చెప్పించినా సరే.

అందరూ ఒకేచోట. ఒక వాచ్ ఎక్కడో ఆలస్యమైతే వెనక వాచ్ వచ్చి గుద్దుకుంటుంది. వెనకవాళ్ళు ఆగకూడదు, ముందు వాచ్‌ను దాటి పక్క చోటికి వెళ్ళాలి. ఈ నియమం సహాయకులకు ముందే చెప్పండి.

దొంగల ఓడ, యుద్ధ ఓడ అనే ఊహ. ఫిరంగులు ఎక్కడని పిల్లలు వెతుకుతారు. ఇది వ్యాపార ఓడ. ముందే చెప్పకపోతే నిరాశపడతారు. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్నవాళ్ళకు ఫిరంగులున్న ఓడే కావాలంటే హార్టిల్‌పూల్‌లో ట్రింకోమలీ ఉంది; అది బొంబాయిలో టేకుతో కట్టి 1817లో నీళ్ళలోకి దింపినది.

వాన. పై డెక్‌ను చివరికి నెట్టండి, ముందు ఓడ కింద చూసేయండి. క్రమం మారితే వాచ్ పెద్దలందరికీ ఒకే సందేశం పంపాలి, ఒక్కొక్కరికీ నోటితో చెబితే సగంమంది పాత దారినే వెళ్తారు.

పిల్ల భయపడింది. మసక వెలుతురు, మెట్లు, ఇరుకు గదులు కొందరికి పడవు. బలవంతంగా ఎక్కించొద్దు. ఏడో మనిషి ఆ పిల్లను లిఫ్ట్‌లో ఓడ కిందికి తీసుకెళ్ళి ముక్కు బొమ్మల దగ్గర ఉంచాలి, మిగతావాళ్ళు అక్కడికే వస్తారు.

లెక్క తప్పింది. కదలిక ఆపండి. ప్రతి వాచ్ ఉన్నచోటే నిలబడి తలలు లెక్కపెట్టాలి. ఏడో మనిషి వెంటనే కలుసుకునే చోటికి, టీచర్ సిబ్బంది దగ్గరికి. వాచ్ పెద్దలు వెతకడానికి వెళ్ళకూడదు, వెళ్తే రెండో పిల్ల తప్పిపోతుంది.

తలలు లెక్కపెట్టాల్సిన చోట్లు: బడి గేటు, రైలెక్కాక, దిగాక, ఓడ లోపలికి, ప్రతి అంతస్తు మారినప్పుడు, టాయిలెట్ తర్వాత, భోజనం తర్వాత, తిరుగు రైలెక్కాక, బడి గేటు.

## 11. తిరిగొచ్చాక

మర్నాడే చెయ్యండి, వారం ఆగితే లాగ్ కాగితాలు సంచుల అడుగున నలిగిపోతాయి.

1. ప్రతి వాచ్ తన నాలుగు జవాబులనూ ఒక పెద్ద కాగితం మీద అంటించాలి. వాచ్‌లకు వేర్వేరు కొలతలు వస్తాయి. ఏది సరైనదో మీరు తీర్పు చెప్పకుండా, ఎవరు ఎలా కొలిచారో చెప్పమనండి.
2. లెక్కల పాఠం: ఒక టీ సంచిలో రెండు గ్రాములనుకుంటే 590 టన్నులకు ఎన్ని కప్పులు? జవాబు 29 కోట్ల 50 లక్షలు. సున్నాల దగ్గర తడబడతారు, ముందు ఒక కిలోకు 500 కప్పులు అని చేయించండి.
3. పటం మీద షాంఘై, సిడ్నీ, కాకినాడ, లండన్‌లను దారంతో కలపండి. సూయజ్ దారి ఒక రంగు, ఆఫ్రికా చుట్టూ దారి ఇంకో రంగు.
4. తెలుగు బడిలో అయితే నావికుడి ఉత్తరం రాయించండి: 1883, కాకినాడ రేవు, బెల్లం బస్తాలు ఎక్కుతున్నాయి, ఇంటికి అయిదు వాక్యాలు.
5. సహాయకులను రెండే అడగండి: ఎక్కడ తొక్కిసలాట అయింది, ఏ చోట సమయం చాల్లేదు. జవాబులను రిస్క్ అసెస్‌మెంట్ వెనక్కి జతచేసి, వచ్చే ఏడాది క్లాసు తీసుకునే టీచర్ పేరున ఫైల్లో పెట్టండి.